వీల్‌చైర్‌లో రైలు ప్రయాణం: ముందు నీళ్ళ సంగతి మాట్లాడుకోండి

వీల్‌చైర్ వాడే అక్కని మొదటిసారి రైల్లో హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, దారిలో ఏ ఇబ్బందులుంటాయి, ముందే ఏం చూసుకోవాలి అని అడిగారు. 2013లో జరిగిన ప్రమాదంలో నా వెన్నెముక దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. గుంటూరు జిల్లాలోని మా ఊరి నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు చెకప్‌కి హైదరాబాద్ వెళ్ళొస్తుంటాను, ఎక్కువగా రైల్లోనే. నాకు జరిగినవే చెప్తాను.

అన్నిటికంటే ముందు నీళ్ళ సంగతి. రేపు ప్రయాణం అనగా ఇవాళ మధ్యాహ్నం నుంచే మీ అక్క నీళ్ళు తాగడం తగ్గించేస్తుందేమో గమనించండి. మీకు చెప్పదు. నేనూ మా అమ్మకి చాలా ఏళ్ళు చెప్పలేదు. రైల్లో బాత్రూమ్‌కి వెళ్ళడం కుదరదని తెలిసినప్పుడు మాలాంటి వాళ్ళకి మొదట తోచే దారి అదే, తాగకపోతే వెళ్ళక్కర్లేదు కదా అని. కానీ వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళకి నీళ్ళు తగ్గితే యూరిన్ ఇన్ఫెక్షన్ చాలా తొందరగా వస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది, రెండోసారి చెకప్ పక్కనపెట్టి చలిజ్వరంతో అయిదు రోజులు హైదరాబాద్‌లోనే ఆసుపత్రిలో పడుకున్నాను. ఇప్పుడు యూరిన్ బ్యాగ్ పెట్టుకునే ఎక్కుతాను, నీళ్ళు మామూలుగానే తాగుతాను. మీ అక్కకి ఏది సరిపోతుందో, కాథెటరా (మూత్రం బయటికి తీసే గొట్టం), బ్యాగా, డైపరా, వాళ్ళ డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇది సిగ్గుపడే విషయం కాదని మీ ఇంట్లో ముందు ఎవరో ఒకరు అనాలి.

మామూలు స్లీపర్, ఏసీ బోగీల్లో బాత్రూమ్ తలుపులోంచే కాదు, సీట్ల మధ్య నడిచే దారిలోంచి కూడా మన కుర్చీ పోదు. బెర్త్ మీద కూర్చున్నాక దిగేదాకా అక్కడే. అందుకే మెత్తటి కుషన్ తప్పకుండా తీసుకెళ్ళండి, స్పర్శ లేని చోట ఒకే భంగిమలో గంటలు కూర్చుంటే పుండు పడుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది. చాలా రైళ్ళకి దివ్యాంగుల బోగీ ఒకటి ఉంటుంది, గార్డు పెట్టె, లగేజీ గది కలిసి ఉండే బోగీ. దాని తలుపు వెడల్పుగా ఉంటుంది, బాత్రూమ్‌లోకి కుర్చీ పడుతుంది, పట్టుకోడానికి కడ్డీలుంటాయి. కానీ అది ఎక్కువగా రైలు చివర్లో ఉంటుంది, అంటే ప్లాట్‌ఫాం మీద పైకప్పు లేని చోట, లిఫ్ట్‌కి దూరంగా. పైగా చాలాసార్లు మామూలు ప్రయాణికులతోనే నిండిపోయి ఉంటుంది. వాళ్ళతో గొడవపడే ఓపిక నాకిప్పుడు లేదు, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తాను, ఒక్కోసారి పనవుతుంది, ఒక్కోసారి అవ్వదు.

ఇక ఎక్కడం. ప్లాట్‌ఫాం కంటే బోగీ నేల దాదాపు అర మీటరు ఎత్తులో ఉంటుంది, మధ్యలో సందు, నిలువు మెట్లు. చాలా స్టేషన్లలో రైలు ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఏమవుతుందంటే, అందరూ మంచివాళ్ళే, సాయం చేద్దామనే వస్తారు, నలుగురు నాలుగు పక్కల పట్టుకుంటారు, నేను చెప్పేది ఎవరికీ వినపడదు. ఒకసారి ఒకాయన కుర్చీ ఫుట్‌రెస్ట్ పట్టుకుని పైకి లేపాడు, అది ఊడి చేతికొచ్చింది, నేను పక్కకి ఒరిగిపోయాను. ఇంకోసారి యూరిన్ బ్యాగ్ గొట్టం లాగేశారు. నా డ్రెస్ ఎక్కడికి జరిగిందో చూసుకునే వీలు కూడా ఉండదు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు, ఎవరి మీదా కోపం కూడా కాదు, నన్ను ఒక్క మాట అడగలేదు కదా అనే బాధ. నాకు కావలసింది మోసేవాళ్ళు కాదు, కుర్చీ నేరుగా దొర్లే ఒక ర్యాంపు.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది, ఇద్దరు కూలీలని ముందే మాట్లాడుకోండి, బోగీ ఎక్కడ ఆగుతుందో కనుక్కుని అరగంట ముందే అక్కడుండండి. కుర్చీతో సహా లేపనివ్వొద్దు. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి, ఇంకొకరు మోకాళ్ళ కింద పట్టుకుని ఎక్కించాలి, కుర్చీ తర్వాత మడిచి ఎక్కించుకోవచ్చు. ఎక్కడ పట్టుకోవాలో చెప్పేది మీ అక్క అవ్వాలి, మీరు కాదు. పోయినసారి నేను మాట్లాడుకున్న కూలీల్లో ఒక పెద్దాయన, రైలు రాకముందే నా ముందు గొంతుక్కూర్చుని "ఎక్కడ పట్టుకోమంటావు తల్లీ?" అని అడిగాడు. పదకొండేళ్ళ ప్రయాణాల్లో అలా అడిగిన మొదటి మనిషి ఆయన.

లిఫ్ట్ పనిచేయకపోతే ప్లాట్‌ఫాం చివర పట్టాలు దాటిస్తామంటారు. చక్రం పట్టా సందులో ఇరుక్కుంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఒప్పుకోవద్దు. ముందురోజు ఎవరినైనా స్టేషన్‌కి పంపి లిఫ్ట్ చూసి రమ్మనండి.

టికెట్ విషయం తేలికే. సర్కారీ డాక్టర్ సర్టిఫికెట్‌తో రైల్వే వాళ్ళ దివ్యాంగుల కార్డు తీసుకుంటే, తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్ళకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, ఫస్ట్, సెకండ్ ఏసీల్లో 50 శాతం రాయితీ ఉంటుంది, వెంట వచ్చే ఒకరికీ అంతే. రిజర్వేషన్‌లో వేరే కోటా కూడా ఉంది. నాకైతే సగం రాయితీ వదులుకోమన్నా సంతోషంగా వదులుకుంటాను, ఆ బాత్రూమ్ తలుపు కాస్త వెడల్పు చేస్తే.

ఇది దయతో చేయాల్సింది కూడా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో రవాణా సదుపాయాలు అందరికీ అందుబాటులో ఉండాలని స్పష్టంగా ఉంది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 15వది ప్రమాణాలని కేవలం సూచనల్లా వదిలేసిందని తప్పుపట్టి, తప్పనిసరిగా పాటించాల్సిన నియమాలు మూడు నెలల్లో తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. నేను ఫిర్యాదు రాసినప్పుడల్లా ఈ రెండూ రాస్తాను. ఒక ఫిర్యాదు తర్వాత మా స్టేషన్ ముందున్న మెట్ల పక్కన ర్యాంపు పోశారు, నిటారుగా ఉంది. ఒక అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలని మళ్ళీ రాశాను.

చివరగా హైదరాబాద్‌లో బస. ఫోన్ చేసి "వీల్‌చైర్‌కి వీలుంటుందా" అంటే అందరూ ఉంటుందండీ అనే అంటారు, వాళ్ళ ఉద్దేశం లిఫ్ట్ ఉందని. ఆ మాట నమ్మి దిగిన ఒక లాడ్జిలో బాత్రూమ్ తలుపు 23 అంగుళాలు, నా కుర్చీ 25. మూడు రోజులు మా అమ్మ నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి లాగింది, ఆవిడకి అప్పటికే అరవై దాటాయి. ఇప్పుడు తలుపు మీద టేపు పెట్టి ఫొటో తీసి పంపమని అడుగుతాను, పంపని చోట గది తీసుకోను. ఈరోజే మీ అక్క కుర్చీ వెడల్పు కొలిచి రాసి పెట్టుకోండి, చక్రాల బయటి అంచు నుంచి అవతలి అంచు దాకా. లాడ్జికి ఫోన్ మాత్రం ఆమెనే చేయనివ్వండి.