గడగడా చదివే హైస్కూలు విద్యార్థికి పాఠం ఎందుకు అర్థం కాదు?

అక్షరాలను పలకడం, వాక్యం నుంచి అర్థం రాబట్టడం వేర్వేరు నైపుణ్యాలు కాబట్టి, మొదటిది వచ్చినంత మాత్రాన రెండోది రాదు. తెలుగులో ఈ తేడా తొందరగా బయటపడదు. మన లిపి చాలావరకు రాసినట్టే పలుకుతుంది. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే తెలియని మాటనైనా తడబడకుండా చదివేయవచ్చు. అర్థం కావాలంటే పదసంపద, విషయంతో కొంత పరిచయం, వాక్య నిర్మాణం మీద పట్టు ఉండాలి.

‘రాజు పంపిన దూతను కలిసిన సేనాపతి కోటకు తిరిగివచ్చాడు’ అనే వాక్యం చూడండి. తప్పు లేకుండా చదివిన విద్యార్థిని ‘కోటకు వచ్చింది ఎవరు?’ అని అడిగితే, ముందు కనిపించిన ‘రాజు’ పేరే చెప్పవచ్చు. రాజు దూతను పంపాడు, సేనాపతి ఆ దూతను కలిశాడు, తర్వాత సేనాపతి కోటకు వచ్చాడు అని మూడు ముక్కలుగా విడదీయించాలి. పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి వాక్యాలు కోకొల్లలు, అందుకే ఈ సాధన తెలుగు తరగతికే పరిమితం కాకూడదు.

మళ్లీ మళ్లీ బిగ్గరగా చదివిస్తే అర్థం దానంతటదే వస్తుందనేది చాలామందిలో ఉన్న అపోహ. కూడబలుక్కుని చదివే పిల్లలకు అలా చదివించడం నిజంగానే మేలు చేస్తుంది. ధారాళంగా చదివేవారికి కావలసింది ప్రశ్నలు, చర్చ, చదివినదాన్ని సొంత మాటల్లో చెప్పే అవకాశం.