టెక్ సందేహాలు: ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు

ప్రశ్న: మాది అంబాజీపేట. కొబ్బరికాయల వ్యాపారం. కొట్టు లెక్కలన్నీ విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి అందులోనే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేస్తానంటున్నాడు. లెక్కలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. వేయనివ్వచ్చా?

జవాబు: వేయనివ్వండి. కాకపోతే ముందు లెక్కల ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని బీరువాలో పెట్టండి.

ఇలా ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ వేసుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటారు. అంటే అన్నదమ్ములు చేను పంచుకుని మధ్యలో గట్టు వేసుకోవడం లాంటిది. ఎవరి నేల వాళ్లదే, నీళ్లు మాత్రం వంతులవారీ. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే గ్రబ్ అనే మెనూ వచ్చి ఏది కావాలో అడుగుతుంది. ఒకటి నడుస్తుంటే రెండోది నడవదు.

ఆ గట్టు విండోస్ చేతే వేయించండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘ష్రింక్ వాల్యూమ్’ ద్వారా 50 జీబీ విడదీసి, ఫార్మాట్ చేయకుండా వదిలేయాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ జోలికి మాత్రం వెళ్లొద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. అది నొక్కితే చేనంతా పోయినట్టే.

చాలామంది ఇరుక్కునేది బిట్‌లాకర్ దగ్గర. ఇది డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. బూట్ సెట్టింగులు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఓసారి నేను అది రాసుకోకుండా మొదలుపెట్టి, అర్ధరాత్రి ఆ కీ దాచి ఉన్న మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను! మీరు ముందే కాగితం మీద రాసుకోండి. ఇన్‌స్టాలర్ బిట్‌లాకర్ ఆపమంటే, ఆపడానికి గంటలు పట్టొచ్చు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా, బ్యాటరీ నిండా ఉంచి, ఛార్జర్ పెట్టే చేయండి. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ కూడా ఆపాలి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, ఉబుంటులోంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు.

నన్నడిగితే, అబ్బాయికి కావాల్సింది ల్యాబ్‌లో నేర్పే కమాండ్లే అయితే గట్టు గొడవే అక్కర్లేదు. డబ్ల్యూఎస్‌ఎల్ అనే విండోస్ సదుపాయం వేసుకుంటే విండోస్ లోపలే ఉబుంటు నడుస్తుంది.

ప్రశ్న: ఉబుంటు వేశాక విండోస్‌లో టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. బ్యాటరీ పోయిందా? (పాలకొల్లు నుంచి)

జవాబు: బ్యాటరీ బాగానే ఉంది. ఉబుంటు మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది. విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. మనం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం కదా, తేడా అదే. ఉబుంటులో కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో ‘timedatectl set-local-rtc 1’ అని ఇవ్వండి. తర్వాత విండోస్‌లో టైమ్ ఒక్కసారి సింక్ చేస్తే సరి.