వేట తూటాలు, బుల్లెట్ ఎంపిక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: టెక్సాస్‌లో స్థిరపడి గ్రీన్ కార్డు పొందాను. వేట లైసెన్సు తీసుకుని .308 వించెస్టర్ రైఫిల్ కొన్నాను. వైట్‌టెయిల్ జింకల వేటకు తూటాలు ఇంట్లోనే తయారుచేసుకుంటే ఖర్చు కలిసివస్తుందంటున్నారు. నిజమేనా? ఏ బుల్లెట్ వాడాలి? (ఒక పాఠకుడు, ఆస్టిన్)

జవాబు: తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల తుపాకి మందు, మూతిలో బుల్లెట్. వీటిలో కేసు మళ్లీ మళ్లీ పనికివస్తుంది కనుక ఒక్కో తూటాకయ్యే ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ తూటాను నొక్కి అమర్చే ప్రెస్సు, కేసును ఆకారానికి తెచ్చే డైలు, మందు తూచే త్రాసు కొనడానికి పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే చాలా తూటాలు కాల్చాలి. ఏటా ఒకటి రెండు జింకల కోసం వెళ్లేవారికి అది కుదరదు. సొంతంగా మందు దట్టించుకోవడంలోని అసలు లాభం, మీ రైఫిల్‌కు నప్పే తూటాను, మీరు వేటాడే జంతువుకు తగిన బుల్లెట్‌తో సిద్ధం చేసుకోగలగడమే.

కాబట్టి మందు గురించి ఆలోచించే ముందే బుల్లెట్‌ను నిర్ణయించుకోవాలి. వేట బుల్లెట్ జంతువు దేహంలోకి చేరగానే ముందు భాగం విచ్చుకుని వెడల్పు కావాలి, అయినా ముక్కలైపోకుండా గుండె, ఊపిరితిత్తుల దాకా చొచ్చుకుపోవాలి. కోల్‌కతా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం పేరుతోనే పిలిచే ఈ విచ్చుకునే బుల్లెట్‌ను 1899 నాటి హేగ్ ప్రకటన యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం న్యాయం దీనికి సరిగ్గా తలకిందులు. పూర్తిగా లోహపు తొడుగుతో ఉండే సైనిక బుల్లెట్ సన్నని రంధ్రం చేసి అవతలికి దూసుకుపోతుంది, జింక గంటల తరబడి బాధపడి ఎక్కడో పొదలో చనిపోతుంది. అలాంటి బుల్లెట్‌తో వేటకు వెళ్లడం నా దృష్టిలో క్రూరత్వమే. దాన్ని పెద్ద జంతువుల వేటకు అమెరికాలోని అనేక రాష్ట్రాలు నిషేధించాయి.

టెక్సాస్ వైట్‌టెయిల్ పెద్ద దేహమున్న జంతువు కాదు. సీసం మీద పలుచని రాగి తొడుగు ఉండి, ముక్కు మెత్తగా ఉండే 150 గ్రెయిన్ల సాధారణ బుల్లెట్ మీకు చాలు. గ్రెయిన్ అనేది బరువు కొలత, 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. రేపు కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకు వెళితే ఆ సాధారణ బుల్లెట్ భుజం ఎముకకు తగిలి లోపలికి చేరకముందే చితికిపోయే ప్రమాదముంది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ దుప్పి వేటలో జాన్ నోస్లర్ అనే వేటగాడికి ఎదురైనది ఇదే. ఆ అనుభవం నుంచే మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్ పుట్టింది. దాని ముందు గది విచ్చుకుంటుంది, వెనుక గది చెక్కుచెదరకుండా ముందుకు సాగుతుంది.

ఇక మందు విషయంలో ఒకే నియమం. బుల్లెట్ లేదా మందు తయారీదారు ప్రచురించిన పుస్తకంలోని ప్రారంభ పరిమాణంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ వెళ్లాలి. ప్రైమర్ చదునైపోయినా, రైఫిల్ వెనుక భాగాన్ని తెరిచే బోల్టు ఎత్తడం కష్టమైనా ఒత్తిడి హద్దు దాటిందని గ్రహించి ఆగిపోవాలి. స్నేహితుడి రైఫిల్‌లో బాగా పనిచేసిన కొలత మీ రైఫిల్‌లో ప్రమాదకరం కావచ్చు. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి.

ప్రశ్న: .357 మాగ్నమ్ రివాల్వర్‌తో జింకను వేటాడవచ్చా? నేను చేసిన తూటాల్లో కొన్నిటి బుల్లెట్లు కాల్చేటప్పుడు ముందుకు జరుగుతున్నాయి. (ఒక పాఠకురాలు, టక్సన్)

జవాబు: మీ రాష్ట్ర నిబంధనలు అనుమతిస్తే, దగ్గరి దూరంలో, స్థిరమైన గురితో వేటాడవచ్చు. 1935లో వచ్చిన ఈ తూటా వేగం రైఫిల్ వేగంలో సగానికి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది కనుక విచ్చుకోవడం మీద కన్నా చొచ్చుకుపోవడం మీదే ఎక్కువ ఆధారపడాలి. ఆత్మరక్షణ కోసం చేసిన తేలికైన బోలు ముక్కు బుల్లెట్లు వద్దు. 158 గ్రెయిన్లు లేదా అంతకన్నా బరువుండి, ముక్కు చదునుగా ఉన్న గట్టి బుల్లెట్లు వాడండి.

బుల్లెట్లు ముందుకు జరగడాన్ని తేలికగా తీసుకోవద్దు. తుపాకి వెనక్కి తన్నిన ప్రతిసారీ సిలిండర్‌లోని మిగతా తూటాల బుల్లెట్లు కేసు నుంచి బయటికి లాగబడతాయి. ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకువస్తే అది తిరగడమే ఆగిపోతుంది. కేసు మూతిని బుల్లెట్ మీది గాడిలోకి నొక్కి బిగించడం, అంటే క్రింప్ చేయడం, మీ తూటాల్లో సరిపోవడం లేదు. కేసులన్నీ ఒకే పొడవున లేకపోయినా క్రింప్ సమంగా పడదు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. కొన్ని మందులు కేసులో కొంచెం చోటే తీసుకుంటాయి కనుక పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, కంటికీ తెలియదు. బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసులోకీ దీపం వేసి చూడండి. పేలుడు శబ్దం మామూలుకన్నా బలహీనంగా వినిపిస్తే మరొకటి కాల్చకండి, బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో వేటకు సీసం బుల్లెట్లు వాడకూడదంటున్నారు. పాత కొలతలతోనే రాగి బుల్లెట్లు పెట్టుకోవచ్చా? (ఒక పాఠకుడు, శాక్రమెంటో)

జవాబు: పెట్టుకోకూడదు. ఘన సెంటీమీటరుకు సీసం 11.34 గ్రాములు, రాగి 8.96 గ్రాములు తూగుతాయి. అందువల్ల అంతే బరువున్న రాగి బుల్లెట్ పొడవుగా ఉండి, కేసులో లోతుగా దిగి, మందుకు చోటు తగ్గించి ఒత్తిడి పెంచుతుంది. రాగి బుల్లెట్ తయారీదారు ఇచ్చిన కొలతలే వాడాలి. 150 గ్రెయిన్ల సీసం బుల్లెట్ స్థానంలో 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తీసుకోవడం మంచిది, వేగం పెరిగితే రాగి బాగా విచ్చుకుంటుంది. దూరం పెరిగి వేగం పడిపోతే అది సరిగా విచ్చుకోదు. ఎంత దూరం వరకు కాల్చవచ్చో తయారీదారు చెప్పే కనీస వేగాన్ని బట్టి లెక్కవేసుకోండి.

ఈ చట్టాన్ని విసుగ్గా చూడవద్దని మనవి. 1982లో కాలిఫోర్నియా కాండర్ అనే ఆ పెద్ద రాబందులు లోకంలో 22 మాత్రమే మిగిలాయి. వేటగాళ్లు వదిలిన కళేబరాలలోని సీసపు తునకలు తిని విషప్రభావంతో చనిపోవడం ఆ పక్షుల మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. 2013లో చేసిన చట్టం 2019 జులై 1 నుంచి వేట అంతటికీ వర్తించింది. ఎముకకు తగిలిన సీసం బుల్లెట్ నుంచి రాలే సూక్ష్మమైన తునకలు మీ పిల్లలు తినే మాంసంలోకీ చేరతాయి. చట్టం లేని రాష్ట్రాలలో ఉన్నవారికీ నేను రాగినే సిఫారసు చేస్తాను.

ప్రశ్న: మా తమ్ముడు హెచ్-1బి వీసా మీద ఒహాయోలో ఉంటూ తూటాలు తయారుచేస్తున్నాడు. అది చట్టబద్ధమేనా? ఇక్కడ మేమూ చేయవచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసాపై ఉన్నవారు సాధారణంగా తుపాకినీ, తూటాలనూ దగ్గర ఉంచుకోకూడదు. అక్కడి చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ పోతుంది కనుక, తారీఖు చూసుకోమని మీ తమ్ముడికి ఈరోజే చెప్పండి. సొంత వాడకానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, అమ్మే వ్యాపారానికి మాత్రం కావాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో చేర్చిన జంతువుల వేటను నిషేధించింది. మీరు ఆ పనికి పూనుకోవద్దు.