ఏజెన్సీ అటెండెంట్‌కు అమ్మను అప్పగించి ఉద్యోగానికి వెళ్లొచ్చా?

మంచం పట్టిన అమ్మగారికి ఏజెన్సీ ద్వారా అటెండెంట్‌ను పెట్టుకోవచ్చా, ఏజెన్సీ మంచిదో కాదో ముందే ఎలా తెలుస్తుంది అని అడిగారు. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పటి నుంచీ మాకు ఏజెన్సీ మనుషులే ఆధారం. పెట్టుకోవచ్చండీ. అయితే మొదట వచ్చిన మనిషిని చూసి ఏజెన్సీని అంచనా వేయకండి. ఆ మనిషి సెలవు పెట్టినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

మాకు మొదట్లో వచ్చినతను చాలా ఓపికమంతుడు. అతను సెలవు మీద వెళ్తే బదులుగా ఒక కుర్రాడిని పంపారు. నాన్నకు ఏ వైపు చచ్చుబడిందో కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. నేను వంటింట్లోంచి వచ్చేలోపే, మంచం మీంచి లేపడానికి ఆ చెయ్యే పట్టుకుని లాగేశాడు. పక్షవాతం వచ్చిన వైపు భుజానికి కండరాల పట్టు తగ్గిపోతుంది, అలా లాగితే కీలు జారొచ్చు. ఆ నొప్పితో నాన్న చాలాకాలం ఫిజియోథెరపీ కూడా సరిగ్గా చేయించుకోలేదు. ఏజెన్సీకి ఫోన్ చేసి సూపర్‌వైజర్‌తో మాట్లాడాలంటే, "కావాలంటే మనిషిని మారుస్తాం" అన్నారు. సూపర్‌వైజర్ అనేవారే లేరని అప్పుడర్థమైంది. కుర్రాడి మీద నాకేం కోపం లేదు.

తర్వాత కుదుర్చుకున్న ఏజెన్సీ వాళ్లు మనిషిని పంపకముందే ఒక నర్సును పంపారు. ఆవిడ నాన్నను పరీక్షించి, ఎలా లేపాలి, ఏ మందు ఎప్పుడు, మింగడంలో ఇబ్బంది ఉందా అన్నీ రాసి ఫైల్లో పెట్టారు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు ఆ ఫైలు చదవాల్సిందే. నర్సు అప్పుడప్పుడూ చెప్పకుండా వచ్చి చూసి వెళ్తుంది. మీరు మాట్లాడేటప్పుడు ఈ రెండూ అడగండి: ఇంటికొచ్చి పని ఎవరు చూస్తారు, బదులు మనిషికి వివరాలు ఎవరు చెబుతారు. తడబడితే ఇంకో ఏజెన్సీ చూసుకోండి.

అటెండెంట్ వేరు, నర్సు వేరు. స్నానం, డైపర్, తినిపించడం, పక్క మార్చడం అటెండెంట్ పనులు. ఇంజెక్షన్, ముక్కు గొట్టం పెట్టడం, యూరిన్ క్యాథెటర్ మార్చడం లాంటివి శిక్షణ ఉన్న నర్సే చేయాలి. "మావాడు అన్నీ చేసేస్తాడు" అని ఏజెన్సీ వాళ్లంటే సంతోషించకండి, టెన్షన్ పడండి.

పని బాగా జరుగుతోందో లేదో అమ్మగారి ఒంటిని చూస్తేనే తెలుస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే నడుము కింద, తుంటి పక్కన, మడమల దగ్గర చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే. కదల్లేనివాళ్లను మామూలుగా 2 గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. అమ్మగారికి ఎంత తరచుగా అవసరమో డాక్టర్‌ను అడిగి ఆ వేళలు రిజిస్టర్‌లో రాయించండి. అన్నీ ఒకే పెన్నుతో ఒకేసారి రాసినట్టుంటే అనుమానించాల్సిందే! తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. పొలమారి ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా రావొచ్చు.

దొంగతనం భయం గురించి అందరూ అడుగుతారు. గుర్తింపు కార్డు కాపీ, పోలీస్ వెరిఫికేషన్ కాగితం తీసుకోండి, విలువైనవి తాళం వేసుకోండి, అంతే. కెమెరా పెడితే ఆ మనిషికి ముందే చెప్పండి, స్నానం చేయించే చోట, బట్టలు మార్చే చోట వద్దు.

ఇంకోటి, 24 గంటల డ్యూటీకి ఒకే మనిషిని ఒప్పుకోకండి. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు ఎవరినైనా జాగ్రత్తగా ఎలా లేపి కూర్చోబెట్టగలడు? రెండు షిఫ్టుల ఖర్చు భరించలేకపోతే, రాత్రి మీరు చూసుకుని పగటికి మాత్రమే పెట్టుకోండి. మొదటి కొన్ని రోజులు మీ ఇంట్లో ఎవరో ఒకరు సెలవు పెట్టి పక్కనే ఉండండి. ఎక్కువ నెలల అడ్వాన్స్ అడిగితే మాత్రం ఇవ్వకండి, మధ్యలో మానేస్తే తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.