దెబ్బ వెన్నుకి తగిలింది, మరి మతిమరుపు ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. 8 నెలల క్రితం బైక్ యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. వీల్‌చైర్‌లోనే ఉంటున్నాడు, చేతుల్లో కొంచెం బలం ఉంది. ఈమధ్య అడిగిందే అడుగుతున్నాడు, క్యాథటర్ (మూత్రం తీసే గొట్టం) వేసుకునే టైమ్ మర్చిపోతున్నాడు. ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ ఆడిస్తే బాగవుతుందా?

జవాబు: గేమ్స్ సంగతి తర్వాత, ముందు ఈ మతిమరుపు ఎక్కడినుంచి వస్తోందో చూడాలండి. మెడ విరిగేంత దెబ్బ తగిలినప్పుడు తల కూడా అదిరి ఉండొచ్చు, కానీ ఎమర్జెన్సీలో అందరి కళ్లూ వెన్ను మీదే ఉంటాయి కాబట్టి తలకి తగిలిన చిన్న దెబ్బ చాలాసార్లు రికార్డులోకే ఎక్కదు. స్కాన్ నార్మల్‌గా వచ్చినా ఇలాంటి దెబ్బ ఉండొచ్చు.

ఇంకో సంగతి బీపీ. మెడ దగ్గర గాయమైనవాళ్లకి లేచి కూర్చోగానే బీపీ పడిపోతుంటుంది, మెదడుకి రక్తం తగ్గితే బుర్ర మొద్దుబారినట్టు అయిపోతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, కూర్చోబెట్టిన మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూసి రాసిపెట్టండి, పై అంకె 20 అంతకన్నా ఎక్కువ తగ్గితే డాక్టర్‌కి చెప్పాల్సిందే. రాత్రి గురక, మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టు అవడం ఉంటే స్లీప్ టెస్ట్ అడగండి. కండరాల బిగుతు తగ్గడానికి ఇచ్చే బాక్లోఫెన్, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, మూత్రసంచి కోసం ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా మత్తూ మరుపూ తెస్తాయి, అలాగని మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా బాక్లోఫెన్ ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు. దిగులు కూడా అచ్చం మతిమరుపులాగే కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక మొదలైతే మాత్రం మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెంటనే చూపించండి.

ఇక గేమ్స్. ఆడితే ఆ గేమ్‌లో స్కోరు పెరుగుతుంది, క్యాథటర్ టైమ్ గుర్తుండటానికి అది పెద్దగా పనికిరాదు, నా మటుకు నేను డబ్బు పెట్టి కొనమని చెప్పను. అతనికి రోజూ కావాల్సిన పనిమీదే ట్రైనింగ్ ఇవ్వండి. వీల్‌చైర్ నుంచి మంచం మీదికి మారే ముందు "బ్రేకు, కాలిపలక, దిండు" అని తనే పైకి అనుకుంటూ చేయాలి. కొత్త విషయం నేర్పితే ఒక నిమిషం తర్వాత అడగండి, తర్వాత మూడు నిమిషాలకి, ఆ తర్వాత పది నిమిషాలకి. తప్పు చెప్తే "ఆలోచించు, ఆలోచించు" అని పరీక్ష పెట్టకుండా జవాబు చెప్పేసి మళ్లీ మొదలుపెట్టండి, ఊహించి చెప్పిన తప్పు బుర్రలో పాతుకుపోతుంది. ఇరవై నిమిషాలు చాలు, అదీ పొద్దున్నే, ఫిజియోథెరపీతో అలసిపోయాక కాదు. క్యాథటర్‌కి డాక్టర్ చెప్పిన టైమ్‌కి, మామూలుగా 4 నుంచి 6 గంటలకోసారి, ఫోన్‌లో అలారం పెట్టండి, మోగాక ఒక్క నిమిషం మీరు నోరు మెదపకండి, తనే కదులుతాడేమో చూడండి. ఇంట్లోవాళ్లకి ఇదే కష్టం, తెలుసు.

బీపీ రాసిన కాగితం, మందుల లిస్టు పట్టుకుని రిహాబ్ డాక్టర్‌ని కలిసి న్యూరోసైకాలజిస్ట్ (జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో పరీక్షించే నిపుణులు) దగ్గరికి పంపమని అడగండి. చేతులు బలహీనమని వాళ్లకి ముందే చెప్పండి, ఆ పరీక్షల్లో కొన్ని పెన్సిల్‌తో గీసేవి, ఇంకొన్ని టైమ్ పెట్టి చేయించేవి ఉంటాయి, చెయ్యి సహకరించక తగ్గిన మార్కుల్ని బుర్ర లోపంగా లెక్కేసే ప్రమాదం ఉంది.