పెద్దల దిగులుకు కారణాలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. నాన్నగారికి 72 ఏళ్లు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి చేనుకు వెళ్లడం మానేశారు, అరుగు మీదకూ రావడం లేదు. బాధగా ఉందని అనరు. కడుపులో మంట, కాళ్ల లాగుడు అంటారు. తెల్లవారుజామున 3 గంటలకే లేచి కూర్చుంటారు. కడుపుకు చేసిన పరీక్షల్లో ఏమీ లేదన్నారు. మేనమామ పోయినప్పుడు మా మేనత్త ఇంతగా కుంగిపోలేదు. ఇదంతా వయసు వల్లేనా?

జవాబు: వయసు వల్ల కాదమ్మా. మీరు రాసిన లక్షణాలు డిప్రెషన్‌ను అనుమానించవలసినవి. పెద్దవయసులో ఈ జబ్బు చాలాసార్లు ఏడుపుగా కాక ఒంటినొప్పిగా, నిద్రలేమిగా, దేని మీదా ఆసక్తి లేకపోవడంగా బయటపడుతుంది.

మొత్తం మీద ఇది స్త్రీలలోనే ఎక్కువ. ఏళ్ల తరబడి చాకిరీ, చేతిలో సొంత డబ్బు లేకపోవడం, కొడుకుల ఇళ్లలో వంతులవారీగా బతకవలసి రావడం వారిని కుంగదీస్తాయి. కానీ బంధువుల కబుర్లు సైతం భార్య ద్వారానే చేరే మగవారికి, ఆమె పోవడంతోనే తక్కిన మనుషులూ దూరమవుతారు. మీ నాన్నగారి విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు. మీ మేనత్తగారితో పోల్చి ఆయనను మాత్రం మందలించకండి.

దుఃఖం ఒక్కటే కారణమని తేల్చేయకూడదు. పక్షవాతం, గుండెజబ్బు, షుగరు, తగ్గని మోకాళ్ల నొప్పులు కూడా దీనికి దారితీస్తాయి. చెవుడును ఇళ్లలో ఎవరూ లెక్కచేయరు. ఏమన్నావని రెండుసార్లు అడిగిన మనిషి మూడోసారి అడగలేక తల ఊపి ఊరుకుంటాడు, క్రమంగా ఇంట్లోవాళ్లు ఆయనతో మాట్లాడటమే తగ్గించేస్తారు. థైరాయిడ్ మందగించినా, బి12 విటమిన్ తగ్గినా ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్షలు చేయించండి. కొన్ని మందులూ మనసును కుంగదీస్తాయి. ఆయన వాడే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి.

సైకియాట్రిస్టుకు చూపించడానికి సంకోచించవద్దు. మందులు రాస్తే, వాటి గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు, పెద్దవారిలో ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అలవాటైపోతాయన్న భయం అక్కరలేదు గానీ, డాక్టరును అడగకుండా మధ్యలో ఆపకూడదు.

‘నేనింకా ఎందుకు’ అన్న మాట ఆయన నోట వస్తే చాదస్తమని కొట్టిపారేయకండి. వృద్ధులైన మగవారిలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. సేద్యం ఉన్న ఇల్లు గనుక పురుగుమందు డబ్బాలను ఈరోజే ఆయనకు అందని చోటికి తరలించండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.