పుట్టగొడుగులు తిని బతికే దేశం

ప్రశ్న: నాది గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్. ఆఫీసులో ఒకాయన 'అవెర్నమ్' అనే కంప్యూటర్ గేమ్ ఆడమని ఒకటే పోరు పెడుతున్నాడు. బొమ్మలు చూస్తే పాతచింతకాయ పచ్చడిలా ఉంది. అందులో అంతగా ఏముందండీ? ఆడితే ఏ భాగంతో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు మీ ఆఫీసాయనకి నా నమస్కారాలు చెప్పండి. ఈ ఊళ్లో ఆ ఆట పేరెత్తే మనిషి దొరకడమే అరుదు.

బొమ్మల గురించి మీరన్నది నిజమే. దాన్ని తయారుచేసిన సియాటిల్ వాసి జెఫ్ వోగెల్ కూడా తన ఆటలు అందంగా ఉండవని బాహాటంగానే ఒప్పుకుంటాడు. కథ మాత్రం వేరు. భూమ్మీద అంతా ఒకే సామ్రాజ్యం. అక్కడ ఇమడనివాళ్లని, అంటే తిరగబడ్డవాళ్లని, ఎదురు మాట్లాడినవాళ్లని, ఎవరికో కంటగింపైనవాళ్లని ఒక మాయద్వారంలోంచి పాతాళ గుహల్లోకి తోసేస్తారు. వెనక్కి దారి లేదు. తోసినవాళ్ల లెక్క ప్రకారం వీళ్లంతా చచ్చిపోవాలి. చావరు. కోటలు కట్టుకుంటారు, ఒక రాజుని పెట్టుకుంటారు, మెరిసే బూజు వెలుగులో పుట్టగొడుగులు పండిస్తారు, బల్లుల్ని తింటారు. ఇక్కడి సాంబారులో బెల్లం చూసి మొదటి వారం మొహం చిట్లించి, ఆనక రెండోసారి వడ్డించుకునే మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

నాకు నచ్చేది యుద్ధాలు కాదు, నిజం చెప్పాలంటే సగం దాటాక అవి విసుగే. ఊరూరా ఆగి జనంతో మాట్లాడటంలోనే మజా ఉంది. ఎరికా అని ఒక మహా మంత్రగత్తె ఉంటుంది. ఎండ సోకితే ప్రాణం పోయేలా ఆవిణ్ణి శపించి మరీ కిందికి పంపారు. అందరూ పైకి వెళ్లే దారి వెతుకుతుంటే, దారి దొరికినా వెళ్లలేని మనిషి ఆవిడ. ఆ కోపం ఆవిడ ప్రతి మాటలోనూ తగులుతుంది.

మొదటి భాగంలో పెద్ద పనులు మూడు: చక్రవర్తి హాథార్న్‌ని చంపడం, పైకి దారి కనుక్కోవడం, గ్రా-హోత్ అనే రాక్షసుణ్ణి మట్టుపెట్టడం. ఒకటి పూర్తయినా ఆట ఆగదు. రెండో భాగంలో పైవాళ్ల సైన్యం కిందికి దిగుతుంది. మూడో భాగంలో మనమే పైకి వెళతాం. అక్కడ రోజులు గడిచేకొద్దీ ఊళ్లు పాడుబడుతుంటాయి, మనం ఆలస్యం చేస్తే చూస్తుండగానే పోతాయి. చాలామంది దానికే పట్టం కడతారు, నా ఓటు మాత్రం మొదటిదానికే.

ఈ మొదటి భాగం కథే 1995లో 'ఎగ్జైల్'గా, 2000లో 'అవెర్నమ్'గా, 2011లో 'అవెర్నమ్: ఎస్కేప్ ఫ్రమ్ ద పిట్'గా మూడుసార్లు వచ్చింది. మీరు ఈ చివరిదే తీసుకోండి. మీ ల్యాప్‌టాప్‌కి టెన్షన్ ఉండదు. ఉచిత డెమో ఉంది, అదే బోలెడంతసేపు నడుస్తుంది. సంగీతం దాదాపు లేదు, పాత్రలకి గొంతుల్లేవు, ఇంగ్లిష్ చదవడం మాత్రం దండిగా ఉంటుంది. చదివే ఓపిక లేకపోతే డబ్బు పెట్టకండి.

'టార్మెంట్' అనే అతి కష్టమైన స్థాయి జోలికి ఇప్పుడే పోవద్దు, 'నార్మల్' చాలు. దారిలో మాట్లాడే పెద్ద సాలీళ్లు ఎదురైతే కత్తి దూయకండి, అవి మనవైపే. పేర్లు అడిగితే మాత్రం ప్రతిదీ 'స్పైడర్' అనే చెబుతుంది.